కీర్తిశేషులు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవిత సంగ్రహము

ఆంధ్రదేశమున జన్మించి, దేశాంతరమున కృషిచేసి, సర్వమానవకోటికి నుపకరించిన మహనీయులలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారు అగ్రగణ్యులు. వారి పేరు వినని ఆంధ్రులు నేడు అరుదు. కాని పేరు విన్నవారిలో వారు చేసిన పని యెట్టిదో, ఆ పనికి ఎవరెవరి సాయము తోడయ్యెనో యెఱిగినవారు కొలదిమంది మాత్రమే. వారు రోగి మంచము ప్రక్కన నిలిచి నాడి చూచి మందిచ్చిన వైద్యులు కారు. వారి జీవితమంతయు ప్రయోగశాలలోనే గడచెను. అయినను పసిబిడ్డల రక్తమును పట్టి పీడించు మిక్కిలి క్రూరమైన వ్యాధికి లోకమున మొట్టమొదట గుణమిచ్చిన ఔషధము వారి యాధిపత్యమున నడచిన ప్రయోగశాల నుండియే వెలువడినది.

ఈ సంచికను చదువు పెద్దలలో ననేకులు పేద విద్యార్థులకు జీతములు గట్టినవారు, వసతిగృహములకు ధనమిచ్చినవారు. అట్టివారికి సుబ్బారావు గారి చరిత్రము గర్వకారణము మాత్రమే గాక, ఆలోచనకారణము కూడ కాగలదని తలంచి, దానిని ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

జననము, బాల్యము

సుబ్బారావు గారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు; తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. జగన్నాథము గారు రెవెన్యూ శాఖలో నుద్యోగము చేయుచు, అనారోగ్యముచే దానిని ముందుగానే విడువవలసివచ్చెను. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. ఇంటి భారమంతయు క్రమముగా వెంకమ్మ గారిపై బడెను.

బాలుడు చదువునందు ప్రథమగణ్యుడుగా నుండలేదు. పదుమూడవయేట ఇల్లువిడిచి కాశికి బయలుదేరెను. అచ్చటికి వచ్చు యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని అతని యూహ. పెద్దలు అతనిని మరలించి తెచ్చి తిరిగి బడిలో వేసిరి. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివెను. మెట్రిక్యులేషను పరీక్ష తప్పెను. మరల వ్రాసి మరల తప్పెను. వెంకమ్మ గారు తన నగలమ్మి కుమారుని చదువు సాగించిరని చెప్పుదురు. తుదకు మద్రాసు హిందూ హైస్కూలులో చేరి, మూడవ పర్యాయము ఆ పరీక్ష గట్టెక్కెను. 1913 లో తండ్రి గతించిరి.

రెండు మారులు పరీక్ష తప్పిన పిల్లవానిని, ఇల్లు విడిచి పారిపోయిన పిల్లవానిని, నగలమ్మి మూడవమారు చదివింపబూనుట ఆనాటి లోకవ్యవహారము ననుసరించి తెలివైన పనిగా దోచదు. ఆ తల్లి మాత్రము లెక్కలు చూడలేదు. సుబ్బారావు గారి చరిత్రమున మొట్టమొదటి దాత వెంకమ్మ గారే.

వైద్యవిద్య

ఇంటర్మీడియేటు చదువు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో జరిగెను. ఆ కాలమున సుబ్బారావు గారి మనస్సు సన్న్యాసమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమువారి సాంగత్యము కలిగెను. సంసారమును విడిచి సేవాధర్మమున చేరవలెనని వారు తలపోయగా, వైద్యము నేర్చి జనులకు సేవచేయుట మేలను బోధ వారికి లభించెను. వైద్య కళాశాలలో చేరుటకు మూలము ధనాశ గాదు. సన్న్యాసమునకు మారుగా గైకొన్న సేవావ్రతము.

మద్రాసు వైద్య కళాశాలలో చదువునపుడు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారును వారికి ధనసహాయము చేసిరి. ఈ మూర్తి గారి కుమార్తె శేషగిరి గారినే వారు తరువాత పెండ్లాడిరి. అది గాంధీ మహాత్ముని స్వదేశీ ప్రబోధము దేశమంతట వ్యాపించుచున్న కాలము. సుబ్బారావు గారు ఖద్దరు ధరింపసాగిరి. శస్త్రచికిత్స గదిలో సైతము ఖద్దరు దుస్తులే. ఇది శస్త్రవైద్య శాఖాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు నచ్చలేదు. తత్ఫలితముగా వారికి యెం.బి.బి.యస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదగు యల్.యం.యస్. పట్టము మాత్రమే లభించెను. మద్రాసు వైద్యశాఖలో కొలువు దొరకలేదు.

గ్రహణి వ్యాధి

వారి జీవితమును నడపిన దుఃఖము ఈ కాలముననే సంభవించెను. మన వైద్యులు గ్రహణి యనియు, ఆంగ్ల వైద్యులు స్ప్రూ యనియు పిలుచు వ్యాధి ఆ కుటుంబమున బ్రవేశించెను. తిన్న యాహారము ప్రేవులలో నిలువదు, నాలుక పూయును, రక్తము క్షీణించి దేహము పాలిపోవును, రోగి దినదినమునకు శుష్కించి పోవును. ఈ వ్యాధిచే సుబ్బారావు గారి సోదరులిద్దరు కొలది దినముల యెడములో గతించిరి. వారికి గల కారణము ఏమో, మందు ఏమో ఆనాటి ఆంగ్ల వైద్యమునకు తెలియదు. కళాశాలలో వైద్యము చదువుచున్న వారైయుండియు సుబ్బారావు గారు తమ తోడబుట్టినవారి కొఱకు ఏమియు చేయలేకపోయిరి.

ఆ వ్యాధియే తరువాత వారికిని సోకెను. మద్రాసునందు ఆంగ్ల వైద్యమునను, ఆయుర్వేదమునను ప్రవీణులగు డాక్టరు ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేదౌషధములతో వారిని బ్రతికించిరి. రోగవిముక్తులైన పిదప సుబ్బారావు గారు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. పూర్వుల మందులు పనిచేయుచున్నవి. ఏల పనిచేయుచున్నవో చెప్పగలవారు లేరు. ఆహారములోను, ఔషధములోను దాగియున్న యే పదార్థము రక్తమును నిలుపుచున్నది? ఈ ప్రశ్న వారిని విడువలేదు. దీనికి ప్రత్యుత్తరము వెదకుటకై అమెరికాకు బోవ నిశ్చయించుకొనిరి.

అమెరికా ప్రయాణము

నిశ్చయము సులభము, ధనము దుర్లభము. ఈ సందర్భమున వారికి రెండువైపుల నుండి సహాయము లభించెను. మామగారు సూర్యనారాయణమూర్తి గారు కొంత ధనము సమకూర్చిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు గారి ధర్మసంస్థవారు తోడ్పడుటకు మాట యిచ్చిరి. సత్యలింగ నాయకరు గారు గోదావరీ తీరము నుండి రంగూను చేరి, అచ్చట విశేషధనమార్జించి, దానిని ధర్మకార్యములకు వినియోగింప నేర్పాటుచేసిన పుణ్యపురుషులు. దాత కులము వేఱు. విద్యార్థి కులము వేఱు. దాత అప్పటికే కీర్తిశేషులు. ఆ ధర్మము ఎవరికి జేరునో, దానివలన ఏమి జరుగునో వారెఱుగరు. ఎఱుగకయే ఏర్పాటుచేసి పోయిరి.

సుబ్బారావు గారు గర్భవతియగు భార్యను పుట్టినింట విడిచి సముద్రము దాటిరి. శీఘ్రముగా తిరిగివత్తునని వారి తలంపు. తిరిగిరా లేదు. తరువాత కలిగిన కుమారుడు పుట్టిన యేడాదిలోపుననే మరణించెను. తండ్రి బిడ్డ ముఖమును చూడనేలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయము

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ఉష్ణమండల వైద్యశాలలో వారు చేరిరి. మన దేశపు వైద్యపట్టముతో అచ్చట రోగులకు చికిత్స చేయుట కధికారము లేదు. చేత ధనములేదు. పీటర్ బెంట్ బ్రిగాము ఆస్పత్రిలో రాత్రివేళల కాపరి పని సంపాదించి, రోగుల మలమూత్ర పాత్రలు కడుగుచు, పగలు చదువుచు కాలముబుచ్చిరి. ఇంట వైద్యపట్టముగల వ్యక్తి, పరదేశమున నీ పనికి వెనుదీయలేదు.

ఉష్ణమండల వైద్యమున పట్టము పొందిన పిదప, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కి అను నాచార్యునితో కలిసి పరిశోధన మారంభించిరి. 1925 లో, రక్తమునందును, మూత్రమునందును గల భాస్వర పదార్థమును కొలుచుట కొక సులభమైన పద్ధతిని ఇరువురును ప్రకటించిరి. ఫిస్కి సుబ్బారావు పద్ధతి యను పేర నది లోకమంతట రసాయన శాలలలో వ్యాపించెను. ఇప్పటికిని పాఠ్యగ్రంథములందు నిలిచియున్నది. 1927 లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కలదని కనుగొనిరి. 1929 లో ఎ.టి.పి. అను పదార్థమును కండరము నుండి వేఱుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్లు లోమను గారును స్వతంత్రముగా దానిని కనుగొనిరి. మనము నడచినను, మాటలాడినను, గుండె కొట్టుకొన్నను, దాని కగు శక్తి ఈ పదార్థము ద్వారమున లభించుచున్నదని తరువాతి శాస్త్రము స్థాపించెను. 1930 లో సుబ్బారావు గారికి పి.హెచ్.డి. పట్టము లభించెను.

ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన యాచార్యపదవి లభింపలేదు. వారు వేఱుచేసిన మఱికొన్ని పదార్థముల వివరములు వెలుగు చూడనీయక ఫిస్కి ఆపెననియు, వానిని యితరులు అనేక సంవత్సరములకు పిమ్మట మరల కనుగొనవలసి వచ్చెననియు, ఆ ప్రయోగశాలలో వారితో కూడ పనిచేసిన జార్జి హిచింగ్సు గారు తరువాత తెలిపిరి. ఈ హిచింగ్సు గారే 1988 లో నోబెలు బహుమానము నందినవారిలో నొకరు. సుబ్బారావు గారు మాత్రము తమకు గల్గిన యన్యాయమును గూర్చి పోరాడుటకంటె, పని సాగు చోటికి బోవుటయే మేలని తలంచిరి.

లెడర్లీ ప్రయోగశాల

న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివరు అను గ్రామమున లెడర్లీ అను ఔషధ పరిశ్రమాలయము కలదు. సుబ్బారావు గారు హార్వర్డులో నుండగనే దానితో సంబంధము గలిగి, 1940 లో పూర్తిగా నందు బ్రవేశించి, 1942 లో పరిశోధన విభాగమున కధిపతులైరి. విశ్వవిద్యాలయమున తమ రెండు చేతులు మాత్రమే గల వ్యక్తికి, ఇచ్చట రసాయనజ్ఞులు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు, వైద్యులు పెక్కుమంది తోడైరి. వారు తమ పేరును వెనుకకు త్రోసి, పనిచేసినవారి పేర్లను ముందు నిలుపుచుండిరి. లోకము వారిని వెంటనే గుర్తింపకపోవుటకు ఇదియు నొక హేతువు.

ఇచ్చట వారు మొదట చేపట్టినది తమ పాత ప్రశ్నయే. 1926 లో బోస్టను వైద్యులగు మైనాటు, మర్ఫీ గారలు ఒక విధమగు ప్రాణాంతక పాండురోగమునకు పశువుల కాలేయము తినిపించుట చికిత్సయని నిరూపించిరి. కాలేయములో రక్తమును పెంపొందించు పదార్థమేదో కలదని తేలెను. అంతకు రెండేండ్ల పిమ్మట లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు మన బొంబాయి నగరమునకు వచ్చి, వస్త్రపు మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలలో గన్పట్టిన తీవ్ర రక్తహీనతను పరిశోధించెను. ఆమె 1931 లో, ఈస్టుతో జేసిన యొక చౌక ఆహారపదార్థముచే ఆ స్త్రీలు కోలుకొనుచున్నారని ప్రకటించెను. 1941 లో టెక్సాసు శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థమును వేఱుచేసి, ఆకునకు సంబంధించినది గావున ఫోలిక్ ఆమ్లము అని పేరిడిరి. కాలేయమున, ఈస్టున, ఆకుకూరలందు నున్న ఆ గుణము చాలవఱకు ఈ పదార్థముదేయని క్రమముగా దెలియవచ్చెను.

కాని టన్నులకొలది పాలకూరనుండి దొరకునది గోరంత. రోగులకు బంచుటకు అది చాలదు. సుబ్బారావు గారి బృందమువారు కాలేయము నుండి దానిని శుద్ధముగా వేఱుచేసి, దాని నిర్మాణమును తెలిసికొని, 1945 లో రసాయనశాలయందే దానిని తయారుచేయు విధమును ప్రకటించిరి. వెంటనే వైద్యులు దానిని రోగులకిచ్చి చూచిరి. గ్రహణి రోగుల నాలుక మానెను. రక్తము తిరిగి పట్టెను. కొంత వ్యవధిలో తమ యిద్దరు సోదరులను బలిగొన్న వ్యాధికి, పాతికయేండ్లకు పైగా గడచిన పిమ్మట, సుబ్బారావు గారు ఒక మందును లోకమున కీయగలిగిరి. సోదరులను మాత్రము అది బ్రతికింపజాలదు గదా!

పసిబిడ్డల రక్తవ్యాధి

ఇక వారి కృషిలో నత్యద్భుతమైన ఘట్టము. ఎముకల లోపలి మూలుగయే రక్తకణములకు పుట్టినిల్లు. ల్యూకేమియా అను వ్యాధిలో, ఆ మూలుగయందు పక్వము గాని తెల్లకణములు హద్దు లేక పెరుగును. ఎఱ్ఱకణములకు చోటు లేక బిడ్డ పాలిపోవును, రక్తము గడ్డకట్టించు కణములు తగ్గి చర్మము క్రింద నల్లని మచ్చలు పడును, చిగుళ్ళనుండి, ముక్కునుండి రక్తము కారును, ప్లీహము బలిసి కడుపులో బల్ల పెరిగినట్లగును, ఎముకలు నొచ్చును, జ్వరము విడువదు. ఆ కాలమున ఈ వ్యాధి సోకిన పిల్లలు కొన్ని వారములలోనో, కొన్ని మాసములలోనో మరణించుచుండిరి. శస్త్రముతో కోసి తీయుటకు ఒకచోట నున్న గడ్డగాదు అది, రక్తమంతట నున్నది. వైద్యులు రక్తమెక్కించి, నొప్పి తగ్గించి, తల్లిదండ్రుల నోదార్చి యూరకుండుట తప్ప గత్యంతరము లేకయుండెను.

బోస్టను పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. ఆయన 1903 లో బఫలో నగరమున జన్మించెను. మృతదేహములను పరీక్షించి వ్యాధికారణమును నిర్ణయించు శాఖ ఆయనది. మరణించిన బిడ్డలను చూచి చూచి, బ్రతికియున్న బిడ్డల కేదైన చేయవలెనని ఆయనకు పట్టుదల కలిగెను. ఫోలిక్ ఆమ్లము రక్తహీనతకు మందు గనుక, దాని జాతికి చెందిన పదార్థములను ఫార్బరు కొందఱు రోగులకిచ్చి చూచెను. ల్యూకేమియా గల పిల్లలలో వ్యాధి తగ్గుటకు మారు, మూలుగలో దుష్టకణములు మఱింత విజృంభించినట్లు కనబడెను. ఇది భయంకరమైన యనుభవము. అయినను అందుండియే దారి గోచరించెను. ఫోలిక్ ఆమ్లముచే ఆ కణములు పెరుగుచున్నచో, దానిని అందకుండ జేసినపుడు అవి నశింపవలెను గదా!

అట్టి విరోధిపదార్థములు సుబ్బారావు గారి ప్రయోగశాలలో అప్పటికే సిద్ధమగుచుండెను. ఫోలిక్ ఆమ్లము నిర్మాణము తెలిసిన పిదప, అందొక చిన్న భాగమును మార్చిన, చూపునకు దానివలెనే యుండి, పని మాత్రము చేయని పదార్థము తయారగును. మన రైతులకు తెలిసిన సామ్యము చెప్పుదము. తాలుగింజ చూపునకు విత్తనమువలెనే యుండును. మడిలో విత్తనము పడవలసిన చోట తాలు పడినచో, చోటు నిండును గాని మొలక రాదు. అట్లే ఈ కృత్రిమ పదార్థము కణములో ఫోలిక్ ఆమ్లము పనిచేయవలసిన తావు నాక్రమించి కూర్చుండును. కణము విభాగము చెందజాలదు. వేగముగా విభాగము చెందు దుష్టకణములు ముందుగా నశించును. ఇట్టి పదార్థములలో ఎమినాప్టెరిన్ అనుదానిని డోరిస్ సీగరు అను రసాయనజ్ఞురాలును, ఆమె సహచరులును లెడర్లీలో తయారుచేసి 1947 లో ప్రకటించిరి. సుబ్బారావు గారు దానిని ఫార్బరునకు బంపిరి.

1947 సంవత్సరాంతమున ఫార్బరు దానిని వ్యాధితో కృశించుచున్న పిల్లల కీయ మొదలుపెట్టెను. మందు విషతుల్యమైనది. మోతాదు మించిన నోరు పూయును, ప్రేవులు చెడును, మంచి కణములును నశించును. ఆస్పత్రిలోని వైద్యులలో ననేకులకు ఈ ప్రయత్నము నచ్చలేదు. చనిపోవుచున్న బిడ్డలను ప్రశాంతముగా పోనీయక హింసించుట యేల యని వారి యాక్షేపణ. ఆ యాక్షేపణ దయనుండి పుట్టినదే గాని ద్వేషమునుండి పుట్టినది గాదు. ఫార్బరును, పిల్లల రక్తవ్యాధులయందు నిపుణులగు లూయీ డైమండు గారును, మఱి ముగ్గురు సహచరులును తమ ఫలితములను 1948 జూన్ 3 వ తేదీన ప్రకటించిరి. చికిత్సపొందిన 16 గురు పిల్లలలో 10 మందికి గుణము గనబడెను. ప్లీహము తగ్గెను, రక్తము బాగుపడెను, మంచము పట్టిన బిడ్డలు లేచి ఆడుకొనిరి. ఆ గుణము శాశ్వతము గాదు. కొన్ని మాసములకు వ్యాధి తిరుగబెట్టెను. అయినను, రక్తమున వ్యాపించిన క్యాన్సరును మందుతో వెనుకకు త్రోయవచ్చునని ఆ పిల్లలే లోకమునకు చూపిరి.

తక్కిన ఔషధములు

అదేకాలమున సుబ్బారావు గారి ప్రయోగశాలనుండి హెట్రజాను అను మందు 1947 లో వెలువడెను. గోదావరీ మండలములలో బోదకాలు నెఱుగనివారు లేరు. ఆ వ్యాధికి మూలమగు పురుగులపై పనిచేయు ఈ మందును, డై ఇథైల్ కార్బమజీన్ అను పేరుతో మన దేశమున బోదకాలు నిర్మూలనమునకై ప్రభుత్వమువారు ఇప్పటికిని ఇంటింట పంచుచున్నారు. వృద్ధ శాస్త్రజ్ఞుడగు బెంజమిన్ డగ్గరు గారు ఆ ప్రయోగశాలలోనే, మిస్సోరి రాష్ట్రపు మట్టినుండి దొరకిన యొక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొని 1948 లో ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ కుటుంబమున నిదియే మొదటిది.

నిర్యాణము

1948 వ సంవత్సరము ఆగస్టు నెలలో, పిల్లల చికిత్సా ఫలితములు ప్రకటింపబడి రెండు మాసములు గడచుచుండగనే, సుబ్బారావు గారు న్యూయార్కు నగరమున తమ నివాసమున నిదురలోనే హృద్రోగముచే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. స్వదేశము స్వతంత్రమై అప్పటికి ఏడాది యయ్యెను. వారు దానిని చూడనులేదు. అమెరికా పౌరులగుట కవకాశము కలిగినను పౌరులు కాలేదు. ఇచ్చట శేషగిరి గారు భర్త రాకకై పాతికయేండ్లు వేచియుండి, తుదకు వైధవ్యమునే పొందిరి. వారి త్యాగమును గూర్చి వ్రాసినవారు తక్కువ. లోకమున కొక మహోపకారము జరుగునపుడు, దాని మూల్యమును ఎచ్చటనో యెవరో చెల్లించుచుందురు. ఈ చరిత్రమున ఆ మూల్యములో పెద్దభాగము ఆ సాధ్వి చెల్లించెను.

వారి యనంతరము

వారు పోయినను వారి పని నిలువలేదు. ఎమినాప్టెరిన్‌కు తోబుట్టువగు మెథోట్రెక్సేటు అను మందు, దానికంటె మోతాదు నిర్ణయించుటకు ననుకూలమైనదగుటచే, దాని స్థానము నాక్రమించెను. 1956 లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జు అను వైద్యులు, గర్భమునకు సంబంధించిన యొక విధమగు క్యాన్సరును ఈ మందుతో మాన్పిరి. ఒక్క మందు చాలదనియు, పెక్కు మందులను కలిపి దీర్ఘకాల మీయవలెననియు వైద్యులు గ్రహించిరి. 1962 లో మెంఫిసు నగరమున స్థాపితమైన సెయింట్ జూడు పిల్లల ఆస్పత్రిలో డొనాల్డు పింకెలు గారు ఈ మార్గమున కృషిచేసి, ఆ దశాబ్దము ముగియులోపుననే బిడ్డలలో సగముమందిని శాశ్వతముగా బ్రతికింపవచ్చునని చూపిరి. నేడు సంపన్నదేశములలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో నూటికి 90 మంది వఱకు జీవించుచున్నారు.

ఇందొక విశేషము కలదు. ఈ చికిత్స తుదిదశలో బిడ్డలు చాలకాలము మ్రింగవలసిన మందులు ముఖ్యముగా రెండు. ఒకటి మెథోట్రెక్సేటు; రెండవది మెర్కాప్టోప్యూరిన్. రెండవదానిని కనుగొన్నవారు గెర్ట్రూడు ఎలియను గారును, పూర్వము ఫిస్కి ప్రయోగశాలలో సుబ్బారావు గారితో కూడ పనిచేసిన హిచింగ్సు గారును. ఒకే గదిలో మసలిన యిద్దరి కృషి, లోకమందలి బిడ్డల చేతిలో రెండు మాత్రలై నేడును కలిసి యున్నది.

మెథోట్రెక్సేటు కీళ్ళవాతమునకును వాడబడుచున్నది. ఫోలిక్ ఆమ్లము మన గ్రామములలో గర్భిణీ స్త్రీలకు ఇనుము మాత్రతో కలిపి యీయబడుచున్నది. గర్భారంభమునకు ముందునుండి దానిని పుచ్చుకొన్నచో శిశువునకు వెన్నెముక లోపములు చాలవఱకు నివారింపబడునని 1991 లో నిరూపితమయ్యెను. 1953 లో శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని వారి పేరిడిరి. 1995 లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వమువారు వారి చిత్రముతో తపాలాబిళ్ళ వెలువరించిరి.

చరిత్రము చెప్పుచున్నది

ఫార్బరు గారు 1973 లో గతించిరి. ఆయన తన యాస్పత్రికి ధనము కొఱకు 1948 లో రేడియో ద్వారా ప్రజలను అర్థింపగా, సామాన్యులు తమకు తోచినంత పంపిరి. ఆ నిధి నేటికిని జిమ్మీ నిధి యను పేర నడచుచున్నది. మందును కనుగొనుట యొక పని. అది బిడ్డకు చేరునట్లు చేయుట మఱియొక పని. మన దేశమున ఈ రెండవ పని ఇంకను పూర్తిగాలేదు. ల్యూకేమియా చికిత్స రెండు మూడేండ్లు సాగును. మాత్రల వెలకంటె, పట్టణమునకు వచ్చిపోవు ఛార్జీలు, అచ్చట బస, భోజనము, తండ్రి కోల్పోవు కూలి పేదకుటుంబమునకు భారమగును. బిడ్డ కొంచెము తేరుకొనగానే, నయమైనదని తలంచియో, చేత సొమ్ము లేకయో చికిత్స మధ్యలో మానువారు కలరు. అట్లు మానినచో వ్యాధి తిరుగబెట్టును. భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుని కృషిఫలము భీమవరపు పేదబిడ్డకు అందకపోవుట మనకు గౌరవము గాదు.

రెండవ విషయము విద్యార్థులను గూర్చినది. విద్యానిధులను నిర్వహించు పెద్దలు దరఖాస్తులు పరిశీలించునపుడు మొదట చూచునది మార్కులు. అది సహజమే, ధనము కొలది, కోరువారు పెక్కురు. కాని మెట్రిక్యులేషను రెండు మారులు తప్పి, వైద్యమున తక్కువ పట్టముతో బయటపడి, సర్కారు కొలువు లేని యొక యువకుడు తన దరఖాస్తుతో మన యెదుట నిలిచినచో మన మేమి చేసియుందుము? సత్యలింగ నాయకరు గారి ధర్మసంస్థవారు ఆతని కులము నడుగలేదు. పరీక్షలు తప్పినందుకు వెనుకకు బంపలేదు. ఆతడేమి తెలిసికొన గోరుచున్నాడో, దాని కొఱకు ఎంతదూరము పోవుటకు సిద్ధముగా నున్నాడో ఆ రెండే చూచినట్లున్నది.

సుబ్బారావు గారు తమ మందువలన బ్రతికి పెద్దవారైన బిడ్డలను చూడలేదు. వారి తల్లి నగలు విడిపింపబడినవో లేదో లోకమున కక్కఱలేకపోయెను. నాయకరు గారు తమ ధర్మము ఎచ్చటికి జేరెనో యెఱుగరు. ఎవరును ఫలమును చూడలేదు. ఎవరి దానమును వ్యర్థము గాలేదు. నేడు హైదరాబాదులోను, మద్రాసులోను, బోస్టనులోను ఏ యాస్పత్రి మంచముపైనను ఒక బిడ్డ ఆ చిన్న మాత్రను మ్రింగి లేచి యింటికి బోవునపుడు, ఆ బిడ్డ యెఱుగని దాతల పంక్తిలో వీరందఱును కలరు. ఆ పంక్తిలో ఇంకను చోటు కలదు.